పాల కవరు గూడు

పెరటి బావి మీదికి వంగిన ఈతచెట్టు గిజిగాళ్ల పేట. ఆ ఏడు చిట్టిముక్కు అనే గిజిగాడు గడ్డి మానేసి, ఇంటివాళ్లు పారేసిన పాల కవర్లూ పాత చీర అంచులూ సన్నగా చీల్చుకొచ్చి గూడు అల్లడం మొదలుపెట్టాడు. ఎండకి ఆ గూడు నీలంగా, ఎర్రగా మెరిసిపోతుంటే పేటంతా ముఖం చిట్లించుకుంది.

"ఊడ్చి పారేసిన చెత్త నీకు ముద్దొచ్చిందా?" అంది కాకి. పొద్దున అదే కుప్ప మీద కడుపు నింపుకున్న కాకి.

చిట్టిముక్కు ఇంకో పీలిక తెచ్చుకున్నాడు.

చివరికి పేటకి పెద్ద, అందరికీ అల్లిక నేర్పిన రెల్లు తాత వచ్చి పక్కమట్ట మీద వాలాడు.

"మన తాతముత్తాతలు గడ్డి తప్ప ముట్టలేదురా. చెత్తతో అల్లింది గూడే కాదు. పొద్దుగూకేలోపు విప్పెయ్, లేదంటే చెట్టు వదిలి పో."

చిట్టిముక్కుకి ఒళ్లు మండింది.

"నేను విప్పను. నువ్వే విప్పు తాతా. ఒక్క ముడి ఊడినా నేనే పోతాను."

తాత ముడి పట్టుకుని లాగాడు. తలకిందులుగా వేలాడి మరీ లాగాడు. గూడు ఊగింది, బావిలో దాని నీడ ఊగింది, ముడి మాత్రం ఊడలేదు. ఆయాసపడుతూ తాత దాన్ని దగ్గరగా చూశాడు. రెండు చుట్లు, ఒక మెలిక.

"ఈ ముడి..."

"నువ్వు నేర్పిందే తాతా. పీలికలే పెరట్లోవి."

తాత ముడి వదిలేసి పక్కమట్ట మీదికి జరిగాడు. చిట్టిముక్కు ఎర్ర అంచు ముక్క కరుచుకొచ్చి, ఆయన కళ్లముందే మరో ముడి వేశాడు.