నాలుగు మూలలూ దోపిన గోనె

రాత్రి పదైనా గ్రీన్‌హౌస్‌లో ఉక్కపోత తగ్గలేదు. లెట్యూస్ ఆకుకూర చలికాలపు పంట. వేడి తగిలితే విత్తనం మొలకెత్తకుండా మొద్దునిద్ర పోతుంది. అందుకే కోడలు విత్తనం చల్లిన పన్నెండు ట్రేల మీదా తడి గోనెలు పరిచింది. ఉన్న విత్తనమంతా అదే. "ఈ పంట నా వల్లే కాలేదు, నీ వల్లేం అవుతుందే?" అని పోయేదాకా దెప్పిన అత్తగారి మాట ఆమెకింకా మంటగానే ఉంది.

గోనెలమీద నీళ్లు చల్లుతూ వచ్చి చివరి ట్రే దగ్గర ఆగిపోయింది. పసిబిడ్డకి దుప్పటి దోపినట్టు, ఆ గోనె నాలుగు మూలలూ ట్రే కిందికి దోపి ఉన్నాయి. అలా దోపేది అత్తగారొక్కతే. ఆవిడ పోయి ఏడాదైంది.

చెయ్యి వేసింది. గోనె మంచుగడ్డలా ఉంది. ఎత్తి చూస్తే మట్టినిండా తెల్లటి మొలకలు. విత్తింది ఆ సాయంత్రమే.

వెనకాల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. కోడలు తల తిప్పలేదు.

"ఈ ఒక్కటీ మీదే అనుకోండి అత్తయ్యా. మిగతా పదకొండూ నావి. వాటి జోలికి రాకండి."

పక్క ట్రే మీది గోనె మూల మెల్లగా కిందికి దోపుకుపోయింది. కోడలు విసురుగా బయటికి లాగింది. అటునుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

కోడలు రెండో చెయ్యి కూడా వేసింది.