మధ్య కుర్చీ

అద్దానికి ఆవలి గదిలో మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో పదమూడేళ్ల వాండా. ఒకపక్క తండ్రి క్యాస్, రేవులో సరుకు దించే మనిషి. ఇంకోపక్క తల్లి ఇరీన్. రెండు నెలలుగా ఆ పిల్ల కడుపులో తిండి నిలవడం లేదు. ఏ డాక్టరూ జబ్బు కనిపెట్టలేకపోయాడు. ఈరోజు కూడా గుణం కనిపించకపోతే రేపే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేస్తారు.

ఇవతలి గది చీకటి. అద్దంలోంచి అటువాళ్లు ఇక్కడి డాక్టర్లకు కనిపిస్తారు, డాక్టర్లు వాళ్లకు కనిపించరు; మైకు వేస్తేనే ఇక్కడి మాట అటు వినపడుతుంది. ఆ రోజుల్లో ఫిలడెల్ఫియాలో కుటుంబాలకు వైద్యం ఇలాగే చేసేవారు.

"ముగ్గురూ కలిసి భోంచేయండి. మాట్లాడుకోండి. మేం మధ్యలో రాం," అని డాక్టర్ మర్విన్ మైకులో చెప్పి, తన శాండ్‌విచ్ పొట్లం విప్పాడు. రొట్టెల మధ్య కాలేయం ముద్ద, పచ్చి ఉల్లిపాయ. గదంతా కంపు.

అదే బల్లకి రెండో చివర అతని భార్య, డాక్టర్ ఫిలిస్. క్లినిక్ ఇద్దరిదీ. వాళ్ల మధ్యన లొరేన్, నలభయ్యో ఏట ఈ పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషి.

"వాండా, మీ నాన్ననడుగు," అంది ఇరీన్. "ఈ ఆదివారమైనా చర్చికి వస్తాడా, మంచం దిగడా?"

"మీ అమ్మకి నోరుందిగా, తననే అడగమను," అన్నాడు క్యాస్.

వాండా చేతిలో శాండ్‌విచ్ అలాగే ఉంది. రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశావా లొరేన్?" అన్నాడు మర్విన్ నోటినిండా తిండితో. "మొగుడూపెళ్లాల రోగం పిల్ల కక్కుతోంది. ఆ తల్లి మొహం చూడు, ఉడకేసిన క్యాబేజీ."

"లొరేన్, డాక్టర్ గారికి చెప్పు," అంది ఫిలిస్. "గడ్డానికి మస్టర్డ్ కారుతోంది, తుడుచుకోమను."

"ఆ గడ్డం చూడలేకేగా ఆవిడ పక్కగదిలో పడుకునేది! ఇప్పుడెందుకు చూడటం? అడుగు లొరేన్."

మర్విన్ చుట్ట ముట్టించి, దగ్గరున్న కాఫీ కప్పులో బూడిద రాల్చాడు. అది ఫిలిస్ కప్పు. ఆమె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి లొరేన్ ఒళ్లో పెట్టింది.

"ఆయనకిచ్చెయ్. తాగమను."

నల్లటి నీళ్లమీద బూడిద తేలుతోంది. లొరేన్ కప్పుని కాళ్లదగ్గర దించింది. ఈ గదిలో ఆమె ఒక్క ముద్ద తిని ఏడు నెలలైంది.

"పిల్లని మధ్యన పెట్టుకుని కొట్టుకోవడానికి సిగ్గుండాలి," అంది ఫిలిస్ అద్దంలోకి చూస్తూ. "లొరేన్, ఇది నా పుస్తకంలో మొదటి అధ్యాయం అని ఆయనకి గుర్తు చెయ్యి."

"రాసిపెట్టింది నేనని ఆవిడకి గుర్తు చెయ్యి."

అవతలి గదిలో మాటలు ఆగిపోయాయి. ఇరీన్ గోడవైపు చూస్తోంది. క్యాస్ చెవులు ఎర్రబడ్డాయి. ఉన్నట్టుండి అతను లేచాడు.

"వాండా, లేమ్మా. నువ్వు ఆ కిటికీ దగ్గర కూర్చో."

మధ్య కుర్చీలో తను కూర్చున్నాడు, పెళ్లాం పక్కన.

"ఆదివారం వస్తాను," అన్నాడు ఆమెతోనే.

"నిజంగా?"

"వస్తానన్నానుగా. లేకపోతే నీళ్లు పోసి లేపు."

ఇరీన్ ముక్కు చీదుకుంటూ నవ్వింది. కిటికీ దగ్గర వాండా శాండ్‌విచ్ కొరికింది. నమిలింది. మింగింది. మళ్లీ కొరికింది.

మర్విన్ బల్ల చరిచాడు. "అదీ నా పద్ధతంటే! నలభై నిమిషాల్లోనే!"

"లొరేన్, కుర్చీలు అలా వేయించింది నేనని చెప్పు!"

"లొరేన్, ఆవిడని నోరు ముయ్యమను!"

తలుపు తట్టి వాండా లోపలికొచ్చింది. డాక్టర్లవైపు చూడను కూడా లేదు.

"మీరేనా మిస్ లొరేన్?" అంది. "మా అమ్మ మిమ్మల్ని బయటికి తీసుకురమ్మంది, ఎందుకంటే ఆయన మైకు ఆపలేదు, మీ గదిలో మాటలన్నీ మొదటినుంచీ మాకు వినపడుతూనే ఉన్నాయి."