ముక్కుకి కుట్టు

ఉదయం పదింటికి టైలరు దుకాణంలో ఒక గబ్బిలం ఫ్యాన్ రెక్కకు తగిలి కింద పడింది. టైలరమ్మ అటక మీది గుడ్డల మూట లాగుతుంటే అందులోంచి ఎగిరిందది. ఆమె దాన్ని బొత్తాల డబ్బాలోకి ఎత్తింది. ముక్కు మీద చర్మం ఆకులా లేచి ఉంది.

"ఫ్యాన్ ఆపి అటకెక్కవే అంటే విన్నావా? పాపం, దాని ముక్కు చెక్కేశావు," అంది అత్త.

"ఉక్కపోస్తోంది, ఆపొద్దన్నది మీరే కదా అత్తయ్యా!"

ఇద్దరూ డబ్బా పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లారు. రెక్కలున్నాయి కదా అని అక్కడివాళ్లు పక్షుల గదికి పంపారు.

పక్షుల డాక్టరమ్మ మూత తీసి చూసి, మళ్లీ మూసేసింది. "ఈకలు లేవు. బొచ్చుంది, చెవులున్నాయి, పళ్లున్నాయి. ఇది పాలిచ్చే జంతువమ్మా. వరసకి ఆవుకీ, మనకీ చుట్టం. ఎదురు గదికి తీసుకెళ్లండి."

"ఎగిరేది పాలెలా ఇస్తుందే?" అత్త కోడలి చెవిలో గొణిగింది. "ఆ పొట్ట చూడు. గుడ్డు అడ్డం పడింది."

ఎదురు గదిలో కుక్కల డాక్టరు ఉన్నాడు. గబ్బిలాన్ని చేత్తో పట్టుకోవడం ఆయనకు ఇదే మొదలు. లైటు వేసి, భూతద్దం పెట్టి చూశాడు.

"రెక్కలు బాగానే ఉన్నాయి. ముక్కే చీలింది. ఈ లేచిన తోలు కత్తిరించి కుట్టెయ్యాలి. లేకపోతే కుళ్లుతుంది."

"కత్తిరిస్తే మళ్లీ వస్తుందా డాక్టరుగారూ?"

"రాదమ్మా."

టైలరమ్మ అత్త వైపు తిరిగింది. "కత్తెర పడ్డాక గుడ్డే మునుపట్లా అవదు అత్తయ్యా. ఇది ముక్కు."

"చచ్చేకన్నా ముక్కిడిగా బతకడం నయం కదే. మీరు కానివ్వండి బాబూ."

డాక్టరు గబ్బిలాన్ని డబ్బాలో పెట్టి మూత వేశాడు. కుక్కలకిచ్చే మత్తుమందు దీనికెంత ఇవ్వాలో తేలలేదు. తెలిసిన డాక్టర్లు ఇద్దరికి ఫోన్ చేశాడు. ఇద్దరూ చెరొక మాట చెప్పారు. చాలాసేపటికి సూది సిద్ధం చేసుకుని, కత్తెర అందుకుని, మూత తీశాడు.

కత్తెర పట్టిన చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, మీరు తెచ్చింది ఒకటే కదా?"

అత్త తొంగి చూసింది. "గుడ్డు ఏదీ?"

తల్లి రెక్క మడతలో పిల్ల పాలు తాగుతోంది. ముఖం వేలి గోరంత ఉంది. దాని ముక్కు మీదా అదే తోలు, ఆకులా లేచి.