పందిరి సంచి

“మళ్లీ ఊడింది!” అన్నాడు ఎల్రాయ్, కారు వెనక లాక్కెళ్లే మడత క్యాంపర్ బండికి వేలాడుతున్న, గుడ్డ పందిరిని చుట్టిపెట్టే సంచిని చూపిస్తూ. మూడు శనివారాల్లో ఇది మూడోసారి.

“పాతదైపోయింది మరి,” అంది అతని భార్య మార్లిస్, మెట్ల మీద కూర్చుని పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతూ.

“మోకాళ్లు పోయినోళ్లకి ఇంకా సరస్సు దగ్గర మకాం ఏంటి? ఈ బండి అమ్మేద్దాం. కానీ చిరుగు సంచితో అమ్మితే ఊరంతా నవ్వుతుంది. కుట్టాకే బోర్డు పెడతా.”

“తొందరేముంది? నిదానంగా కుట్టుకో.”

ఎల్రాయ్ కళ్లజోడు సర్దుకుని చూశాడు. గుడ్డ ఎక్కడా చిరగలేదు. దారమే ప్రతి కుట్టు దగ్గరా శుభ్రంగా తెగి ఉంది. నలభై ఏళ్లుగా అతని ప్యాంట్ల కుట్లు విప్పి పొట్టి చేసిన చేతి పనితనం అది.

“ఈసారి నైలాన్ వద్దు. నూలు దారంతో కుడతా,” అన్నాడు సూదిలోకి ఎక్కిస్తూ.

“అది గట్టిగా ఉండదుగా?”

“ఉండదు. కోసేటప్పుడు నీ మణికట్టుకి నొప్పి తక్కువ.”