రెండోసారి చదవని కాగితం

లిఫ్టు తొమ్మిదికీ పదికీ మధ్య ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ప్రూఫ్‌రీడరు గభాలున లిఫ్టు నడిపే ముసలాయన భుజం పట్టుకున్నాడు. ఆ వెంటనే సిగ్గేసి చెయ్యి తీసేశాడు. చచ్చిపోదామని డాబా మీదికి పోతున్న మనిషికి, లిఫ్టు తెగిపడుతుందేమోనన్న భయమేమిటి?

"కంగారుపడకండి బాబూ. పాత లిఫ్టు, దీనికి అలకలెక్కువ. దానంతటదే కదులుతుంది."

అలారం మోగించమన్నాడు ప్రూఫ్‌రీడరు. అది మోగి నాలుగేళ్లయిందట. ముసలాయన తన స్టూలును కాలితో ఇటు తోసి కూర్చోమని, తనకు నిలబడటమే అలవాటన్నాడు. బటన్ల పలకకు వీపు ఆనించి, కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

జాలీ తలుపు అవతల వట్టి గోడ. గాలి ఆడటం లేదు. ఎక్కడ అక్షరాలుంటే అక్కడ చూపు ఆపడం, అచ్చుతప్పులు దిద్దీ దిద్దీ ప్రూఫ్‌రీడరుకు పట్టుకున్న ముప్పై ఏళ్ల జబ్బు. ముసలాయన వీపు పక్కనుంచి తొంగిచూస్తున్న పాత రేకు మీద 'ఉంచినంతసేపు మాత్రమే' అన్న మాటలు కళ్లు చికిలిస్తేగానీ కనిపించలేదు. మిగతావి ఆయన చొక్కా చాటున ఉన్నాయి.

"నీళ్లు తాగండి." ముసలాయన ఎడంచేత్తో సీసా అందించాడు. "కుడి రెక్క పట్టేసింది. పైన ఎవరన్నా ఎదురుచూస్తున్నారా?"

"లేదు. చిన్న పనుంది."

పెట్టెలో ఇరుక్కున్నాక మాటలు వద్దన్నా వస్తాయి. చూపు ఏడాదిలో పూర్తిగా పోతుందని డాక్టరు తేల్చేశాడనీ, తనకు పెళ్లీ పెటాకులూ లేవనీ, ఉన్నది అక్క ఒక్కతేననీ, ఆవిడకు అరవై ఏళ్లూ మోకాళ్ల నొప్పులూ అనీ ప్రూఫ్‌రీడరు చెప్పాడు. ఆవిడ మెడకు గుదిబండ కాకూడదని మూడు రోజులు ఆలోచించి ఇలా బయల్దేరిన సంగతి మాత్రం మింగేశాడు.

"కళ్ల సంగతి అక్కగారికి చెప్పారా?"

"లేదు."

"మరి ఆవిడ మొయ్యలేదని ఎవరు చెప్పారు?"

ప్రూఫ్‌రీడరు సీసా మూత బిగించాడు.

"నాకు డెబ్బై నిండాయి బాబూ. పొద్దున ఇంట్లోంచి వచ్చినవాణ్ణి సాయంత్రం తిరిగెళ్తానో లేదో. అందుకే మా ఆవిడతో పోట్లాట ఎంతున్నా తేల్చుకునే బయల్దేరతాను. సగంలో వదిలేసి అటే పోయాననుకోండి, గెలుపు ఆవిడదైపోతుంది."

ప్రూఫ్‌రీడరుకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వు మధ్యలోనే ఇంట్లో బల్ల మీద పెట్టొచ్చిన కాగితం గుర్తుకొచ్చింది. 'అక్కా, నన్ను మర్చిపో.' ముప్పై ఏళ్లలో రెండోసారి చదవకుండా చెయ్యి దాటించిన కాగితం అదొక్కటే. ఇప్పుడు దాన్ని అక్క కళ్లతో చదివాడు. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని అతనిచేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆ అక్షరాలతో తాను చివరికి రాసింది ఇదీ.

మణికట్టు చూసుకున్నాడు. వాచీ లేదు, ఆ కాగితం మీదే బరువుగా పెట్టొచ్చాడు.

"టైమెంత?"

"ఐదూ ఇరవై." ముసలాయన అతని మణికట్టు మీది తెల్లటి గుర్తును చూశాడు. "ఎక్కినప్పుడే అనుకున్నాను, వాచీ వదిలేసి వచ్చారని."

ఆరింటికల్లా అక్క వస్తుంది. ఆవిడ దగ్గర అతని ఇంటి తాళంచెవి ఉంది. ప్రూఫ్‌రీడరు లేచి జాలీ తలుపును రెండు చేతులా ఊపాడు. అది కదల్లేదు.

"పెద్దాయనా, నేను ఇంటికి పోవాలి. అక్క రాకముందే పోవాలి. ఎలాగైనా కిందికి దించండి."

"మరి పైన పనో?"

"ఏ పనీ లేదు. అక్కకు నా కళ్ల సంగతి చెప్పాలి."

ముసలాయన అతని మొహంలోకి తేరిపార చూశాడు.

తర్వాత, వీపు వెనక ఇంతసేపూ నొక్కి ఉంచిన ఎర్ర బటన్ మీంచి బొటనవేలు తీశాడు.