బంద్ రోజు ఫోన్

సెల్‌ఫోన్ మోగగానే నర్సింగం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి వాకిట్లోకి ఉరికాడు. కార్ఖానా బంద్ ఉన్న ప్రతి సోమవారం ఇదే వరస.

"మళ్ల వచ్చిందానె మీ ఆయన ఫోను?" పక్కగది లింగవ్వ పళ్లికిలించింది. "మా ముసలోనికైతె యముడు గూడ ఫోన్ చెయ్యడు."

భాగ్యలక్ష్మి నవ్వలేదు. తలుపు చాటున నిలబడి చెవి ఒగ్గింది.

"రాత్రంత నిద్ర లేదు మేడం. ఒళ్లు కాలిపోయింది... మీరు అడిగితెనే జర ధైర్యం... లేదు లేదు, ఇంట్ల తెల్వనియ్య."

ఆమె తలుపుకు మరింత దగ్గరగా జరిగింది. ఊరుగాని ఊరు సూరత్‌లో, భేస్తాన్‌లోని ఈ ఒంటిగదిలో అతన్ని నమ్ముకునే బతుకుతోంది. కిడ్నీలో రాయికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి తాను ఎండుపుల్ల అయింది. కంపౌండర్ బలం సూదులు వేస్తున్నా అన్నం సయించదు. రోగిష్టి పెళ్లాం మొహం మొత్తి ఉంటుంది.

అతను లోపలికి వచ్చాడు. "రెండు ముద్దలన్న తిన్నవా?"

ఇన్నేళ్లలో లేని ఈ ఆరా, తప్పు చేసినవాడి ఆరా అని ఆమెకిప్పుడు అర్థమైంది.

"ఎవలామె?"

"కార్ఖాన మేడం."

"బట్ట నేసే సాంచాల కాడ మేడమేంది? మీ శేఠ్‌కు చీర కట్టిన్రా?"

నర్సింగం కంచం తీసుకుని బయటికి నడిచాడు.

మరుసటి సోమవారం అతను నల్లా దగ్గర నీళ్లు పడుతున్నాడు. చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ మోగింది. భాగ్యలక్ష్మి లాక్కున్నట్టు తీసింది.

"నర్సింగం గారూ, పద్మారాణిని."

తెలుగు! అదీ ఆంధ్రా తెలుగు, తేనెలో ముంచి తీసినట్టు.

"ఎవతివే నువ్వు? వారం వారం గాయనతోని నీకేం పని?"

అవతలి గొంతు కంగారుపడింది.

"అయ్యో! నేను క్యాన్సర్ ఆసుపత్రిలో ఫార్మసిస్టునండీ. ఒంట్లో రోగంతో పోట్లాడే శక్తిని రేపే సూదిమందు ఒకటుంది. అది వాడేవాళ్లకు జ్వరాలొస్తాయి, ఆకలి చచ్చిపోతుంది. ఎలా ఉందో ఫోన్లో కనుక్కుని డాక్టరుకు చెబుతాం."

క్యాన్సర్.

భాగ్యలక్ష్మి నల్లా దగ్గరున్న నర్సింగం వైపు చూసింది. అతని భుజాల మీద వేలాడే అంగీ, ఎర్రబడ్డ కళ్లు, కంచంలో వదిలేసిన ముద్దలు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. వేరే ఆడదైనా నయమే. కట్టుకున్నదానికి చెప్పకుండా ఇంత రోగం ఒక్కడే మోస్తాడా? ఇంతకన్నా దగా ఉంటుందా?

బిందె భుజాన పెట్టుకుని నర్సింగం లోపలికి వచ్చాడు. ఆమె చెవి దగ్గర ఫోన్ చూశాడు. బిందె జారి నీళ్లన్నీ గదిలో పారాయి.

"ఇయ్యవె... ఫోన్ ఇయ్యి!"

ఆమె చెయ్యి అడ్డంపెట్టి అతన్ని ఆపింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మేడం, ఇగ దాసేది లేదు. అన్ని నన్నే అడుగుండ్రి. మందు, తిండి, అన్ని నేనే సూసుకుంట."

"చాలా మంచిదండీ," అంది పద్మారాణి. "ఇంతకీ, పేషెంటు భాగ్యలక్ష్మి గారికి మీరేమవుతారు?"