తడవని పుస్తకం

“ఇంకొక్క వారం వెతకనిచ్చి ఉంటే ఏం పోయేది వదినా?”

మరిది ఏటా అడిగేదే. టీచరమ్మ కూడా ఏటా చెప్పేదే చెప్పింది. “పన్నెండు రోజులు వెతికారు. ఓడ చెక్కలన్నీ దక్షిణాన తేలాయి. ఇంకెక్కడ వెతకమంటావు?”

తొమ్మిదేళ్ళ కిందట గల్లంతైన ఆ సరుకు ఓడలో ఆరుగురున్నారు. ఇంజను చూసేవాడు ఆమె భర్త. గుండె రాయి చేసుకుని, గాలింపు ఇక చాలని మొదటి సంతకం పెట్టింది ఆమే. మిగతా ఐదిళ్ళవాళ్ళూ ఆ కిందే పెట్టారు. మరిదికి మాత్రం ఆ సంతకం ఇప్పటికీ మింగుడుపడలేదు.

సంస్మరణ సభకి ఏటా లాగే ఒడ్డున దీపాలు పెట్టి, ఆరుగురి పేర్లూ మైకులో పిలిచాక, రేవు పక్క హాల్లో కుర్చీలు నిండాయి. రేవు అధికారి మైకు ముందుకొచ్చాడు. చేతిలో మైనపు గుడ్డ చుట్టిన పుస్తకం.

“పోయిన నెల ఉత్తరాన నల్లరాళ్ళ గుహలో గజ ఈతగాళ్ళకి దొరికింది. ఓడలో ఏ రోజుకారోజు రాసుకునే పుస్తకం. ఒక్క పేజీ కూడా తడవలేదు. పక్కనే మూడు జతల బూట్లు, వరసగా పెట్టి ఉన్నాయట. చదవమంటారా అమ్మా?”

టీచరమ్మ పేజీ వైపు తొంగి చూసింది. ‘ళ’ తోకని అంత పొడుగ్గా లాగేది లోకంలో ఆమె భర్త ఒక్కడే.

“చదవండి.”

“‘ఓడ మునిగింది. ఆరుగురం రాళ్ళ మీదికి చేరాం.’”

మరిది కుర్చీ అంచుకి జరిగాడు.

“‘అగ్గిపెట్టెలు నానిపోయాయి. పడవలు దక్షిణానికే పోతున్నాయి. ఎంత అరిచినా వినపడలేదు.’ ‘వంటాయన ఇవాళ గాలి వేపుడు వడ్డిస్తానన్నాడు. నవ్వాం.’”

వంటాయన తల్లి నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది.

“‘ముగ్గురం మిగిలాం.’”

అధికారి గొంతు టీచరమ్మకి వినపడటం మానేసింది. పక్క కుర్చీలోంచి భర్తే చదువుతున్నట్టుంది. అటు తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

“ఇక చాలమ్మా,” అన్నాడు అధికారి.

“ఆఖరిది కూడా చదవండి.”

“‘సాయంత్రం గాలి ఇటు మళ్ళింది. గాలిలో మా పేర్లు వినిపించాయి, ఒకదాని తర్వాత ఒకటి. కలేమోనని ఒకర్నొకరం గిల్లుకున్నాం. ఒడ్డు పొడవునా దీపాలు. మమ్మల్ని చూసేశారు. తెల్లారేసరికి వచ్చేస్తారు.’”

మరిది కుర్చీ తన్నేసి లేచాడు. “చూశారా? చూసి కూడా పడవ పంపలేదా? పేరుపేరునా పిలిచి మరీ వదిలేశారా? ఎవరు వాళ్ళు?”



“తేదీ వేశారా?” టీచరమ్మ అడిగింది.

అధికారి పుస్తకంలోంచి తలెత్తలేదు. “వేశారమ్మా. ఇరవై ఒకటి.”

ఆ ఆరుగురికీ మొదటి సంస్మరణ సభ జరిగింది ఆ సాయంత్రమే.